ఆపరేషన్ అయ్యాక అమ్మకి రాత్రిళ్లు నిద్ర లేదు, మనుషుల్ని పోల్చుకోవట్లేదు. ఇది మత్తు వల్లేనా?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. అమ్మగారికి 72 ఏళ్లు, సోంపేట దగ్గర పల్లె. పెరట్లో జారిపడి తుంటి విరిగింది. శ్రీకాకుళంలో వెన్నులో మత్తు సూది ఇచ్చి రాడ్ వేశారు. ఏడో రోజున ఇంటికి తెచ్చుకున్నారు, ఆపరేషన్ అయి ఇవాళ్టికి 12 రోజులు. రాత్రి నిద్ర లేదు. మూడింటికి లేచి కూర్చుని, పోయిన మీ నాన్నగారిని పిలుస్తున్నారు. పగలు ఎప్పుడు చూసినా కునుకే. మీ ఆవిడని పట్టుకుని తన చెల్లెలి పేరుతో పిలిచారు. ఊళ్లో వైద్యం చేసే ఆయన నిద్రమాత్ర ఇస్తే రెండు రాత్రులు వేశారు, తెల్లారేసరికి అయోమయం ఇంకా పెరిగింది. మీరు హైదరాబాదులో కూర్చుని ఇదంతా ఫోన్‌లో వింటున్నారు. మత్తు ఎక్కువై మెదడు దెబ్బతిందా, అమ్మ మళ్లీ మామూలు మనిషవుతుందా, నిద్రకి మంచి మాత్ర ఏదైనా ఉందా అని అడిగారు.

నేను శ్రీకాకుళంలో 26 ఏళ్లుగా మత్తు డాక్టర్ని. అంటే మీ మొదటి ప్రశ్నలో ముద్దాయిని నేనే, కాబట్టి నా మాటని ఆ లెక్కలోనే తీసుకోండి. కానీ ముందు మూడో ప్రశ్న సంగతి చూద్దాం, ఎందుకంటే అది ఈ రాత్రి విషయం. ఆ మాత్ర మళ్లీ వేసే ముందు ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చేసి మాత్ర పేరు చెప్పండి. అమ్మగారికి అది కొత్త మాత్రే అయితే ఆపమనే అంటారని నా అంచనా. ఆపరేషన్‌కి ముందు నుంచే ఏళ్ల తరబడి నిద్రమాత్ర అలవాటు ఉంటే మాత్రం సంగతి వేరు, కింద చెప్తాను. రెండోది, రేపే ఆమెని డాక్టరుకి చూపించండి. పన్నెండో రోజున కూడా ఇలా ఉందంటే లోపల ఏదో ఒక కారణం నడుస్తూ ఉండొచ్చు. ఫోన్ మీద తేలే విషయం కాదు.

ఇప్పుడు మత్తు సంగతి. "మత్తు ఎక్కువిచ్చీసినారు, అందుకే మా అమ్మ మతి పోయింది" అనే మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. ఇది ఇప్పటి అనుమానం కాదు. 1955లోనే ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ అనే డాక్టరు, మత్తు తర్వాత ముసలివాళ్ల తెలివి తగ్గుతోందని లాన్సెట్ పత్రికలో రాశారు. అప్పటినుంచి అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న ఒకటే. పూర్తి మత్తు కాకుండా వెన్నులో సూది ఇస్తే ఈ బాధ తప్పుతుందా? 2021లో తుంటి విరిగిన 1600 మంది మీద చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. సగం మందికి వెన్నులో సూది, సగం మందికి పూర్తి మత్తు. ఆపరేషన్ తర్వాత అయోమయం వచ్చినవాళ్లు రెండు వైపులా దాదాపు 20 శాతమే. మరుసటి ఏడు చైనా నుంచి వచ్చిన 950 మంది పరిశోధనలోనూ రెండు పద్ధతులకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అమ్మగారి సంగతే చూడండి, ఆవిడకి ఇచ్చింది వెన్నులో సూదే కదా. మత్తుకి అసలు పాత్రే లేదని నేను అనను. సూదితో పాటు నిద్ర వచ్చేలా ఇచ్చే మిడజోలం లాంటి మందులు పెద్దవాళ్ల మీద గట్టిగానే పనిచేస్తాయి. కానీ అలాంటి మందు పన్నెండు రోజులు ఒంట్లో కూర్చోదు.

మరి ఏమయింది? పడడం, ఎముక విరగడం, రక్తం పోవడం, నొప్పి, ఆపరేషన్, ఇవన్నీ కలిసి ఒంట్లో ఒక పెద్ద వాపు మంటని లేపుతాయి. ఆ సెగ మెదడుకీ తగులుతుంది. పాతికేళ్ల కుర్రాడి మెదడు దాన్ని తట్టుకుంటుంది. డెబ్బై దాటినవాళ్లలో ఆ తట్టుకునే నిల్వ తక్కువ. అందువల్ల ఆపరేషన్ తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో చాలామందికి అయోమయం మొదలవుతుంది. దాన్నే డెలీరియం అంటాం. దాని గుర్తు ఏమిటంటే అది ఒకేలా ఉండదు. పొద్దున్న పదింటికి మనవడి చదువు గురించి చక్కగా అడిగిన మనిషే, సాయంత్రం దీపాలు పెట్టేవేళకి గోడ మీద ఎవరో కూర్చున్నారంటుంది. ఇంకొక రకం ఉంది, దాన్ని ఇంట్లోవాళ్లే కాదు, మేమూ పోల్చుకోలేకపోతాం. మనిషి గొడవేం చేయదు, ముడుచుకుని పడుకుని ఉంటుంది, పిలిస్తే ఊ అంటుంది. "పాపం బాగా రెస్టు తీసుకుంటోంది" అని అందరూ సంతోషిస్తారు. నా దృష్టిలో అరిచేవాళ్లకన్నా ఈ నిశ్శబ్దంగా ఉండేవాళ్ల గురించే ఎక్కువ భయపడాలి.

డెలీరియం తగ్గాక కూడా కొంతమందికి జ్ఞాపకం, లెక్క, మాట వెతుక్కోవడం మందంగానే ఉంటాయి. దీని మీద 1998లో లాన్సెట్‌లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం మాకు ఇప్పటికీ కొలబద్ద. 60 దాటి పెద్ద ఆపరేషన్ (గుండె ఆపరేషన్ కానిది) చేయించుకున్న 1218 మందిని పరీక్షిస్తే, వారం తర్వాత 25.8 శాతం మందిలో తెలివితేటల పరీక్షలో తగ్గుదల కనబడింది. మూడు నెలలకి అది 9.9 శాతానికి దిగింది. ఆపరేషన్ లేని అదే వయసువాళ్లలో కూడా మూడు నెలలకి 2.8 శాతం ఉంది. ఈ అంకెలు మీకు చెప్పడానికి కారణం ఉంది. వారంలో కనబడిన తగ్గుదలలో ఎక్కువ భాగం మూడు నెలలకి ఉండట్లేదు. అలాగని అందరికీ పోతుందని నేను మాటివ్వలేను, కొందరికి మిగులుతుంది.

ఇక నిద్ర. మీరు దీన్ని ప్రశ్నల్లో చివర్న రాశారు, నేనైతే ముందు పెడతాను.

ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రాత్రులు గాఢనిద్ర, కలలు వచ్చే నిద్ర రెండూ బాగా పడిపోతాయి. నొప్పికిచ్చే ట్రమడాల్, ఫెంటనిల్ జాతి మందులు దానికి తోడు. తర్వాత రెండు నుంచి నాలుగో రాత్రి ప్రాంతంలో కలల నిద్ర అప్పు తీర్చుకున్నట్టు ఒక్కసారి విరుచుకుపడుతుంది. భయంకరమైన కలలు, ఉలిక్కిపడి లేవడాలు, ఊపిరి గతి తప్పడాలు అప్పుడే ఎక్కువ. చీకటి పడ్డాక మెదడులో ఊరే మెలటోనిన్ పెద్దవాళ్లలో మామూలుగానే తక్కువ, ఆపరేషన్ దాని వేళల్ని కూడా చెదరగొడుతుంది. ఇదంతా ఒంటి లోపల. బయట వార్డు ఉంది. మా దగ్గర వార్డు రాత్రి ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. ట్యూబ్‌లైటు ఆరదు. పదింటికి ఇంజెక్షను, పన్నెండుకి కొత్త కేసు, దాని వెనక పదిమంది బంధువులు, రెండింటికి బీపీ, నాలుగింటికి ఊడ్చేవాళ్లు, ఐదింటికి రక్తం తీయడానికి మనిషి. పక్కమంచం అటెండెంటు ఫోన్‌లో సినిమా. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి అక్కడ వారం పడుకోబెట్టినా మనుషుల పేర్లు తడబడతాడు.

నిద్ర లేనప్పుడు ముందు పోయేది ధ్యాస. ఇది చాలామంది గమనించని సంగతి. మీ ఆవిడ "మందు వేసుకున్నావా అత్తా" అని అడిగితే, ఆ మాట అసలు లోపలికే వెళ్లదు. లోపలికి వెళ్లనిది గుర్తెలా ఉంటుంది? మనం దాన్ని మతిమరుపు అనుకుంటాం. ఇంట్లో చిన్న పరీక్ష చేసి చూడండి. వారాల పేర్లు మామూలుగా చెప్పమనండి, తర్వాత వెనక్కి చెప్పమనండి. శనివారం, శుక్రవారం, గురువారం, అలా. చదువు రాకపోయినా ఇది చెప్పగలరు. మధ్యలో దారి తప్పి ఊరుకుంటే, లేక ముందుకే చెప్పేస్తూ ఉంటే, ధ్యాస నిలవట్లేదని గుర్తు. ఆ రోజు ఆమె జ్ఞాపకశక్తి గురించి ఏ తీర్పూ ఇవ్వకండి.

గాఢనిద్రలో మెదడు ఆ రోజు విన్నవీ చూసినవీ సర్దుకుంటుంది. ఈ మధ్య వీడియోల్లో "నిద్రలో మెదడు చెత్త కడిగేసుకుంటుంది" అని తెగ చెప్తున్నారు. ఆ మాటకి మూలం 2013లో ఎలకల మీద చేసిన పని. మనుషుల్లో ఎంతవరకో ఇంకా తేలుతూ ఉంది, దాన్ని పట్టుకుని పొడులు అమ్మేవాళ్లని నమ్మకండి. నిద్ర చెడితే అయోమయం పెరుగుతుంది, అయోమయం పెరిగితే పగలూ రాత్రీ తారుమారై నిద్ర చెడుతుంది. ఏది ముందు ఏది వెనక అనే గొడవ పండితులది. ఇంట్లో కూర్చున్నవాళ్ల చేతికి అందే కొస మాత్రం నిద్రే.

అయితే ఆ కొస పట్టుకోవడానికి మాత్ర పనికిరాదని నేను సొంతింట్లో నేర్చుకున్నాను. మా అమ్మకి 76వ ఏట మోకీలు మార్చారు. మూడో రాత్రి ఒకటే అరుపులు. "ఓరి నాయినా, ఈ గుంటలెవుర్రా, నా మంచం చుట్టూ కూకున్నారు" అంది. గుంటలంటే మా వైపు పిల్లలు. డ్యూటీలో ఉన్నవాళ్లని అడక్కుండా, కొడుకుని, పైగా డాక్టర్ని అన్న ధీమాతో అల్ప్రజోలం సగం మాత్ర నేనే వేశాను. గంటలో నిద్రపోయింది. తెల్లవారుజామున మత్తులోనే లేచి బాత్రూమ్‌కి వెళ్లబోయి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పొద్దున్న వచ్చిన పెద్ద సిస్టరు నా మొహం చూసి ఒకటే అడిగింది. "అమ్మగారు రాత్రి మూత్రం ఎప్పుడు పోశారండీ?" నా దగ్గర జవాబు లేదు. పైపు పెడితే దాదాపు లీటరు వచ్చింది. ఉబ్బిన మూత్రాశయంతో రాత్రంతా అల్లాడిపోతున్న మనిషికి నేను నిద్రమాత్ర వేశాను. పైపు పెట్టిన గంటకి అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆ తర్వాత నుంచి, రోగి రాత్రి గొడవ చేస్తోందని కబురొస్తే నేను ముందు దుప్పటి తీసి పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూస్తాను.

అల్ప్రజోలం, క్లోనజెపామ్, డయాజెపామ్ జాతి మాత్రలు, జోల్‌పిడెమ్ జాతివి, ఇంకా దురదకీ జలుబుకీ ఇచ్చి "నిద్ర కూడా వస్తుంది" అనే ఫెనిరమైన్, క్లోర్‌ఫెనిరమైన్, ప్రోమెథజిన్ లాంటివి, వీటిని పెద్దవాళ్లకి వీలైనంత వరకు ఇవ్వొద్దని అమెరికా వృద్ధవైద్య సంఘం వాళ్ల జాబితాలో ఏళ్లుగా ఉంది. ఇవి తెచ్చేది నిజమైన నిద్ర కాదు, స్పృహ తగ్గడం. అయోమయం పెంచుతాయి, పడేస్తాయి. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్లకైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇందాక చెప్తానన్న మినహాయింపు ఇది. ఏళ్లుగా రోజూ నిద్రమాత్ర వేసుకునే మనిషికి ఆస్పత్రిలో ఎవరూ చెప్పక అది ఆగిపోతే, ఆ ఆగడమే అయోమయాన్నీ ఫిట్స్‌నీ తెస్తుంది. మీ అమ్మగారి ట్రంకుపెట్టెలో, దిండు కింద పాత అట్టలు ఏమైనా ఉన్నాయేమో మీ ఆవిడని చూడమనండి. ఉంటే డాక్టరుకి చూపించాలి, మీ అంతట మీరు ఆపకూడదు. మెలటోనిన్ గురించి కూడా అడుగుతారు. ఒక పరిశోధనలో లాభం, ఇంకోదాన్లో ఏమీ లేదు. మీ డాక్టరు ఇస్తే అభ్యంతరం లేదు, నేనైతే దాని మీద ఆశ పెట్టుకోను.

కాబట్టి నిద్రని చెడగొడుతున్నదేదో వెతకాలి. మూత్రం చెప్పాను. తర్వాతది మలబద్ధకం. నొప్పి మాత్రలు, మంచంలో ఉండడం, నీళ్లు తక్కువ తాగడం, మూడూ కలిస్తే ఐదారు రోజులు కడుపు కదలదు, మనిషి నోటితో చెప్పుకోదు. నొప్పి ఇంకోటి. మన వైపు పెద్దాడవాళ్లు "నొప్పిగా ఉందా" అంటే "ఏటుందిలే" అంటారు. పక్కకి తిప్పినప్పుడు మొహం చూడండి, అది నిజం చెప్తుంది. నొప్పి వచ్చాక మాత్ర వెతుక్కోకుండా డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేళకి వేస్తే రాత్రి చాలామటుకు నెమ్మదిస్తుంది.

మీది సోంపేట వైపు అని రాశారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను. ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అందులో చాలామందికి జబ్బు ఉన్నట్టు వాళ్లకే తెలీదు. ఆపరేషన్ తర్వాత నరాల నొప్పికని ప్రీగాబాలిన్ లేదా గాబాపెంటిన్ రాస్తారు, నొప్పికి ట్రమడాల్ రాస్తారు. ఇవి కిడ్నీ ద్వారా బయటికి పోవాల్సిన మందులు. కిడ్నీ సరిగా పనిచేయకపోతే రోజురోజుకీ ఒంట్లో పేరుకుంటాయి, మనిషి పగలంతా తూలుతూ, రాత్రి అయోమయంగా ఉంటుంది. ఇంటికొచ్చాక బాధ తగ్గకపోగా పెరుగుతోందంటే నేను ముందు మందుల చీటీ, దాని పక్కన క్రియాటినిన్ రిపోర్టు (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) పెట్టి చూస్తాను. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఆ ప్రాంతంలో అసలు సొంతంగా కొనకండి. రేపు రక్తపరీక్షలో క్రియాటినిన్‌తో పాటు సోడియం (రక్తంలో ఉప్పు), షుగరు, హిమోగ్లోబిన్ చూడమని, మూత్రపరీక్ష కూడా చేయమని అడగండి. బీపీ మాత్రలో నీరు లాగే మందు కలిసి ఉంటే సోడియం పడిపోవడం మామూలే, అదొక్కటే చాలు మనిషిని తికమక పెట్టడానికి.

మొహమాటపడకుండా అడగాల్సింది ఇంకోటుంది. అమ్మగారికి చుట్ట అలవాటుందా? మన జిల్లాలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, తాగే మామ్మలు ఇప్పటికీ ఉన్నారు. ఒకావిడ నాలుగు రోజులు వార్డులో నిద్రపోకుండా పక్కంతా తడుముకుంటూనే ఉంది. సిస్టర్లు అగ్గిపెట్టె కోసమని కనిపెట్టారు, కొడుకులకి చెప్పుకోవడానికి సిగ్గు. యాభై ఏళ్ల అలవాటు ఒక్కరోజులో ఆగితే నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది. అలాగని చుట్ట ఇవ్వమని కాదు, పొగ వల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది. కానీ సంగతి తెలిస్తే డాక్టరు దానికి తగ్గ దారి చూస్తారు. రోజూ కల్లో సారానో పుచ్చుకునే మగవాళ్ల విషయంలో ఇది ఇంకా పెద్ద సంగతి. ఆస్పత్రిలో చేరిన రెండు మూడు రోజులకి వచ్చే వణుకు, చెమట, భ్రమలు ప్రాణం మీదికి తెస్తాయి, చేరేటప్పుడే చెప్పాలి.

కళ్లజోడు, పళ్ల సెట్టు, చెవిమిషను ఆస్పత్రికి వెళ్లేటప్పుడు "పోతాయి" అని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. అవి తీసి పెట్టండి. సగం కనబడక, సగం వినబడక మనిషి ఊహించుకోవడం మొదలుపెడుతుంది.

ఇంట్లో చేయాల్సింది. 1999లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 70 దాటిన 852 మంది మీద చేసిన పని ఒకటుంది. ఆపరేషన్ రోగులు కారు, మామూలు జబ్బులతో చేరినవాళ్లు. ఇప్పుడు ఏ రోజో, ఎక్కడున్నారో చెప్తూ ఉండడం, లేపి నడిపించడం, కళ్లజోడు పెట్టడం, నీళ్లు తాగించడం, రాత్రి మాత్రకి బదులు గోరువెచ్చని పాలు, మెల్లని సంగీతం, వీపు నిమరడం, ఇవే చేశారు. మామూలు వైద్యం అందినవాళ్లలో 15 శాతానికి డెలీరియం వస్తే, వీళ్లలో 9.9 శాతానికే వచ్చింది. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, మా నాయనమ్మ చేసినవే కదా అని.

మీ ఇంట్లో మొదలుపెట్టాల్సింది రాత్రి కాదు, పొద్దున్న. ఎంత నిద్ర లేకపోయినా ఆరింటికి లేపేయండి. మొహం కడిగి, ఏడు ఎనిమిది మధ్య అరుగు మీదో పెరట్లోనో కుర్చీలో కూర్చోబెట్టండి. ఎండ వెలుగు కంటిలో పడాలి, అదే ఒంటి గడియారానికి తాళంచెవి. చోడి (రాగి) అంబలి అలవాటైతే అదే ఇవ్వండి. ఎంత బరువు మోపొచ్చో ఆపరేషన్ చేసిన డాక్టర్ని అడిగి, వాకర్‌తో రోజుకి మూడు నాలుగుసార్లు నడిపించండి. చేతికి పని ఇవ్వండి. ఆకుకూర గిల్లడం, చింతపండులో గింజలు తీయడం, పప్పు ఏరడం. "పాపం, ఇప్పుడెందుకు" అనకండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట పడుకోనిచ్చి మూడింటిలోపు లేపేయండి. పగటి కునుకు ఆపడమే కష్టం, లేపితే విసుక్కుంటారు, తిడతారు కూడా. మూడు నాలుగు రోజులు ఓర్చుకోవాలి.

టీ మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. మంచినీళ్లు పగలే ఎక్కువగా, సాయంత్రం ఆరు దాటాక కొద్దిగా. నీరు లాగే మాత్ర ఉంటే పొద్దున్నకి మార్చవచ్చేమో డాక్టర్ని అడగండి. రాత్రి ఏడింటికి భోజనం. పాలు ఇవ్వొచ్చు, కిడ్నీ రిపోర్టు తేడాగా వస్తే మాత్రం ఎంత ఇవ్వాలో అడిగి. తొమ్మిదింటికి టీవీ ఆపి, పెద్ద లైటు తీసేసి, బాత్రూమ్ దారిలో జీరో బల్బు ఉంచండి. పూర్తి చీకటి వద్దు, నీడలు భయపెడతాయి. పడుకునే ముందు ఒకసారి మూత్రానికి తీసుకెళ్లండి. మంచం పక్కన కమోడ్ కుర్చీ ఉంటే రాత్రి పడే ప్రమాదం చాలా తగ్గుతుంది. పాత దుప్పటి, ఆమె ఎప్పుడూ చూసే దేవుడి పటం, గడియారం కంటికి కనబడే చోట ఉండాలి. చెవుల్లో దూది, కళ్ల మీద గంత లాంటివి ఐసీయూల్లో కొందరికి పనికొచ్చాయి. మన మామ్మలు ఐదు నిమిషాల్లో పీకి పారేస్తారు, దానికి గొడవపడకండి.

ఇంకో మాట, నొచ్చుకోకండి. మీరు ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదింటికి వీడియో కాల్ చేస్తున్నానని రాశారు. ఆ వేళకి ఫోన్‌లో వెలుగు, మీ మొహం, మీ గొంతు, "నన్ను గుర్తుపట్టావా అమ్మా" అనే పరీక్ష, ఇవన్నీ ఆమెని లేపి కూర్చోబెడతాయి. పొద్దున్న తొమ్మిదింటికి చేయండి. గుర్తుపట్టావా అని అడగకండి, "అమ్మా, నేను ఫలానా, హైదరాబాదు నుంచి" అని మీరే చెప్పండి. చూడ్డానికొచ్చే చుట్టాలు కూడా పగలే, ఒకరిద్దరే రావాలి.

రాత్రి మూడింటికి నాన్నగారిని పిలిచినప్పుడు ఏం చేయాలి? "ఆయన పోయి ఐదేళ్లయింది" అని చెప్తే ఆమెకి ఆ వార్త అప్పుడే కొత్తగా తగులుతుంది, ఏడుపు మొదలవుతుంది. "అదిగో వస్తున్నారు" అని అబద్ధం చెప్పినా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. చెయ్యి పట్టుకుని, "నేనున్నాను అత్తా, మన ఇంట్లోనే ఉన్నాం, ఇంకా తెల్లారలేదు" అంటే చాలు. ఆమె చూసే వాటికి వేరు ఆమె బతుకులోనే ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా. దాని తర్వాత రెండేళ్లకి కవిటి రైతు ఒకాయన మా వార్డులో ఫ్యాను తిరిగినప్పుడల్లా "కొబ్బరిచెట్లు పడిపోతన్నాయి, బేగి లెగండి" అని లేచిపోయేవాడు. వాదించినకొద్దీ భయం పెరిగింది. ఆయన భార్య ఫ్యాను ఆపి విసనకర్ర పట్టుకుంది, నిద్రపోయాడు. మాకెవరికీ తట్టలేదు.

మంచానికి చేతులు కట్టొద్దు. ఎంత విసిగినా సరే.

కొన్ని కనబడితే రేపటిదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పిలిచినా సరిగా లేవకపోవడం, జ్వరం, ఆయాసం, ఫిట్స్, మూతి వంకర పోవడం లేదా ఒక చెయ్యి పడిపోవడం, పూటంతా మూత్రం రాకపోవడం, కాలు వాచి పిక్క నొప్పి, పుండు నుంచి చీము. ఇంకోటి, తుంటి విరిగిన రోజున తల కూడా తగిలిందా అని మీ ఆవిడని అడగండి. ముసలివాళ్లలో తల లోపల రక్తం నెమ్మదిగా చేరి రెండు మూడు వారాల తర్వాత మగతగా, అయోమయంగా బయటపడుతుంది. రక్తం పలచబడే మందు ఇస్తుంటే ఇంకా జాగ్రత్త. తల తగిలిందనే అనుమానం ఉన్నా స్కాన్ సంగతి డాక్టరుతో మాట్లాడండి.

ఎన్నాళ్లు పడుతుందన్నారు. కారణం దొరికితే ధ్యాస ముందు పగటిపూట తిరిగొస్తుంది, రాత్రుళ్లు తర్వాత సర్దుకుంటాయి. రెండు రోజులు బాగుండి మూడోరోజు మళ్లీ చెడుతుంది, దానికి హడలిపోకండి. మందకొడితనం నెలలోపు తగ్గితే దాన్ని కోలుకోవడం ఆలస్యమైందని మాత్రమే లెక్కవేస్తాం. 2018లో డాక్టర్లు ఒప్పుకున్న పేర్ల ప్రకారం 30 రోజులు దాటి ఏడాది దాకా మిగిలిన దాన్నే ఆపరేషన్ అనంతరపు సమస్యగా రాస్తాం. అందుకని ఇప్పుడే జ్ఞాపకశక్తి పరీక్షలంటూ విశాఖపట్నం తిప్పకండి. మూడు నెలలయ్యాక చేయిస్తే ఆ ఫలితానికి విలువ ఉంటుంది. ఈలోపు పొలం కాగితాల మీదా బ్యాంకు కాగితాల మీదా ఆమెతో వేలిముద్ర వేయించకండి, చుట్టాలు ఎంత తొందరపెట్టినా.

నేను అడగాలనుకున్న అసలు ప్రశ్న వేరే ఉంది. పడకముందు ఆరు నెలలు అమ్మగారు ఎలా ఉండేవారు? కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, పింఛను డబ్బులు లెక్క తప్పడం, తెలిసిన వీధిలో దారి తడబడడం, అడిగిందే అడగడం, ఇలాంటివి ఉన్నాయా? ఉంటే ఆపరేషన్ కొత్త జబ్బు తేలేదు, లోపల ఉన్నదాన్ని బయట పెట్టింది. దూరంగా ఉండే కొడుకులకి ఇది తెలిసే అవకాశం తక్కువ, మీ ఆవిడకి తెలుస్తుంది. రాత్రి నిద్ర అప్పుడూ తక్కువేనా, గురక ఉండేదా అన్నది కూడా అడగండి. పాత నిద్రలేమి ఉన్నవాళ్లకి ఈ బాధ ఎక్కువ రావడం మేం చూస్తూనే ఉన్నాం.

అన్నట్టు మీ ఆవిడ పన్నెండు రాత్రులుగా నిద్రపోలేదు. ఆమె గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. అమ్మగారికి బాగా తెలిసిన మనిషిని, చెల్లెలు ఉన్నారన్నారు కదా, ఆవిడని వారం రోజులు పిలిపించండి. పేరు పెట్టి పిలిచినావిడే ఎదురుగా ఉంటే ఇద్దరికీ మంచిది. జీతానికి పెట్టే మనిషి రోజుకొకరు మారితే అయోమయం పెరుగుతుంది.

రేపు చూపించాక క్రియాటినిన్, సోడియం ఎంత వచ్చాయో, ఇప్పుడు వేస్తున్న మందులన్నీ మోతాదుతో సహా, ఊళ్లో ఇచ్చిన ఆ నిద్రమాత్ర పేరు కూడా రాయండి. కడుపు ఎప్పుడు కదిలిందో, తల తగిలిందో లేదో కూడా. చూసి, మీ డాక్టర్ని ఏం అడగాలో చెప్తాను.